కొనేవాడు ఒక్కడే అయినప్పుడు

1991 జనవరి 7న అమెరికా రక్షణ మంత్రి డిక్ చెనీ ఏ-12 యుద్ధవిమానం ప్రాజెక్టును రద్దు చేశారు. నౌకాదళం కోసం తయారవుతున్న ఆ విమానం అప్పటికి ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. బరువు పెరిగిపోయింది, గడువులు దాటిపోయాయి, మొత్తం ఎంత ఖర్చవుతుందో తేల్చి చెప్పగలవారు లేకపోయారు. ప్రజాధనం కోణంలో చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కొద్ది రోజుల్లోనే సెయింట్ లూయిస్‌లో మెక్‌డొనెల్ డగ్లస్, ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ డైనమిక్స్ వేలాది మందిని ఇళ్లకు పంపేశాయి. రద్దు చేసిన పది రోజులకే గల్ఫ్ యుద్ధం మొదలైంది. దేశం యుద్ధంలో దిగుతున్న నెలలోనే యుద్ధవిమానాలు తయారుచేసే రెండు ఊళ్లలో జనం కొలువులు పోగొట్టుకున్నారు.

రక్షణ వ్యయం అనగానే మనం బడ్జెట్ ప్రసంగంలో అంకె పెరిగిందా తగ్గిందా అని చూస్తాం. ఫ్యాక్టరీ ఉన్న ఊరికి ఆ అంకెతో పెద్దగా పనిలేదు. దానికి తెలిసింది ఒక విమానం, ఒక ఓడ, ఒక క్షిపణి. మొత్తం బడ్జెట్ పెరిగిన ఏడాదే ఆ ఒక్క వస్తువు ఆగిపోవచ్చు. అప్పుడు ఆ ఊరి వరకు అది కోతే.

ఇందులో మరో చిక్కుంది. స్కూటర్లు చేసే కంపెనీకి ఒక రాష్ట్రంలో అమ్మకాలు పడిపోతే ఇంకో రాష్ట్రంలో డీలరును వెతుక్కుంటుంది, ధర తగ్గిస్తుంది, రంగు మార్చి కొత్త మోడల్ అంటుంది. క్షిపణి చేసే సంస్థకు ఆ వీలు లేదు. కొనేది ప్రభుత్వమే. ఎగుమతి చేయాలన్నా ప్రభుత్వమే అనుమతించాలి. ఆ కొనుగోలుదారు వద్దంటే సరుకు వేరే సంతకు తోలుకుపోవడానికి ఉండదు. ఒకే కొనుగోలుదారును నమ్ముకున్న ప్రాంతం ఎంత సంపన్నంగా కనిపించినా, ఆ సంపద పునాది అతని అవసరం మీదే ఉంటుంది.

దీన్ని లెక్కగట్టినవారూ ఉన్నారు. ఆర్థికవేత్తలు ఎమీ నకమురా, యోన్ స్టైన్‌సన్ 1966 నుంచి 2006 వరకు అమెరికా సైనిక కొనుగోళ్లు ఏ రాష్ట్రానికి ఎంత వెళ్లాయో తవ్వి తీసి 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. జాతీయ స్థాయిలో సైనిక వ్యయం జీడీపీలో ఒక శాతం పెరిగితే, కాలిఫోర్నియాలో అది ఆ రాష్ట్ర ఉత్పత్తిలో దాదాపు మూడు శాతం మేర పెరుగుతుంది. ఇలినాయ్‌లో అర శాతం చుట్టూ ఆగిపోతుంది. ఒక రాష్ట్రానికి మరో రాష్ట్రం కంటే ఒక డాలరు ఎక్కువ అందితే అక్కడి ఉత్పత్తి సుమారు ఒకటిన్నర డాలరు పెరుగుతుందని కూడా వారు తేల్చారు. ఆ అదనపు అర డాలరులో హోటలు, ఇంటి అద్దె, మంగలి షాపు, ట్యూషన్ మాస్టారు అందరూ ఉన్నారు. పెరిగేటప్పుడు వచ్చిన ఆ డబ్బు తగ్గేటప్పుడు వెనక్కి పోతుంది. కోత వల్ల మిగిలిన సొమ్ము దేశమంతటా పలచగా పరుచుకుంటుంది. నష్టం మాత్రం కొన్ని జిల్లాల మీద కుప్పగా పడుతుంది.

అలా కుప్పగా పడినప్పుడు ఏం జరిగిందో తెలుసుకోవడానికి 1990ల దక్షిణ కాలిఫోర్నియాను మించిన పాఠం లేదు.

రీగన్ హయాంలో, 1980ల మధ్యలో, అమెరికా తన జీడీపీలో సుమారు ఆరు శాతాన్ని రక్షణకు పెట్టేది. దశాబ్దం చివరికి బెర్లిన్ గోడ కూలింది, రెండేళ్లకు సోవియట్ యూనియన్ అంతరించింది. 1990ల చివరికి ఆ ఆరు శాతం మూడు శాతానికి దిగింది. లాస్ ఏంజిలెస్ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రచ్ఛన్న యుద్ధమే పెద్ద పరిశ్రమ. బర్బాంక్‌లో లాక్‌హీడ్, లాంగ్ బీచ్‌లో డగ్లస్, ఎల్ సెగుండోలో హ్యూస్, పామ్‌డేల్ ఎడారిలో నార్త్రాప్, కొంచెం దక్షిణంగా శాన్‌డియేగోలో జనరల్ డైనమిక్స్. బీ-2 బాంబర్లు 132 కొంటామని మొదట వేసిన ప్రణాళికను 1992 జనవరిలో అధ్యక్షుడు బుష్ 20 దగ్గర ఆపేశారు. లాక్‌హీడ్ బర్బాంక్ వదిలిపోయింది. జనరల్ డైనమిక్స్ తన క్షిపణి విభాగాన్ని 1992లో హ్యూస్‌కు అమ్మేస్తే, హ్యూస్ ఆ పనిని అరిజోనాలోని టూసాన్‌కు తరలించుకుపోయింది. దానికి తోడు సైనిక స్థావరాల మూసివేత. 1988 నుంచి 1995 వరకు నాలుగు విడతల్లో దేశవ్యాప్తంగా 97 పెద్ద స్థావరాలను మూసేయాలని నిర్ణయిస్తే, ఏ రాష్ట్రానికీ లేనంత దెబ్బ కాలిఫోర్నియాకు తగిలింది. శాన్ బెర్నార్డినోలో నార్టన్ వైమానిక స్థావరం 1994లో, లాంగ్ బీచ్ నౌకాదళ షిప్‌యార్డు 1997లో తాళం వేసుకున్నాయి.

1993 వచ్చేసరికి రాష్ట్రంలో నిరుద్యోగం పది శాతానికి చేరువైంది. ఇళ్ల ధరలు పడిపోయాయి. కాలిఫోర్నియాకు వలస వెళ్లడమే తప్ప అక్కడి నుంచి వెళ్లిపోవడం పెద్దగా ఎరగని అమెరికన్లు ఆ కొన్నేళ్లలో లక్షల సంఖ్యలో నెవాడాకు, అరిజోనాకు, ఇంకా ఎక్కడెక్కడికో మూటాముల్లె సర్దుకున్నారు. 1993లో వచ్చిన ‘ఫాలింగ్ డౌన్’ సినిమాలో ఎండలో ట్రాఫిక్ మధ్య కారు వదిలేసి మతి తప్పినట్టు నడిచిపోయే కథానాయకుడు రక్షణ సంస్థలో ఉద్యోగం పోయిన ఇంజినీరు కావడం కాకతాళీయం కాదు. లాంగ్ బీచ్ పక్కనే లేక్‌వుడ్ అనే ఊరుంది. 1950ల ఆరంభంలో మూడేళ్లలో 17,500 ఇళ్లు కట్టేసి నిలబెట్టిన ఊరు. పక్కనున్న డగ్లస్ ప్లాంటులో పనిచేసేవారు పెద్ద సంఖ్యలో ఆ ఇళ్లలో చేరారు. హైస్కూలు చదువుతో ప్లాంటులో చేరి, ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని కాలేజీకి పంపిన తరం వాళ్లది. జోన్ డిడియన్ 1993లో ఆ ఊరి గురించి రాసిన సుదీర్ఘ వ్యాసం చదివితే, ఆ ఇళ్లలో ఉన్నవారు తమ బతుకును ప్రభుత్వ ఖర్చుగా ఎన్నడూ భావించలేదని తెలుస్తుంది. తమ కష్టార్జితం అనుకున్నారు. అది కష్టార్జితమే. కానీ ఆ కష్టాన్ని కొన్నది పెంటగాన్.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. స్థావరాలు మూతపడిన ఊళ్లు అనుకున్నంతగా కుంగిపోలేదు. తర్వాతి ఏళ్లలో అమెరికా ఆడిట్ సంస్థ పరిశీలిస్తే, వాటిలో ఎక్కువ ఊళ్లలో నిరుద్యోగం దేశ సగటు స్థాయికో అంతకంటే తక్కువకో వచ్చింది. కారణం వింటే సులభంగానే అర్థమవుతుంది. సైనికులు ఉండేది కంటోన్మెంటు గోడ లోపల, సరుకులు కొనేది సైన్యం సొంత దుకాణాల్లో, వైద్యం చేయించుకునేది సైనిక ఆస్పత్రిలో. బయటి ఊరితో వారి లావాదేవీ పైకి కనిపించేటంత పెద్దది కాదు. పైగా వెళ్లిపోతూ వాళ్లు విమానాల రన్‌వేలు, భవనాలు, వందల ఎకరాల నేల వదిలిపోతారు. సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టూ తిరిగేవారికి ఈ మాట కొత్తేమీ కాదు. గోడ ఇవతల ఊరికి సైన్యంతో తగువు ఎక్కువగా రోడ్ల గురించే.

ఫ్యాక్టరీ అలా కాదు. దాని జీతాలు, కొనుగోళ్లు అన్నీ గోడ బయటే తిరుగుతాయి. బోల్టులు చేసిచ్చే పదిమంది షెడ్డు నుంచి లోహాన్ని పరీక్షించే ల్యాబు వరకు ఒక గొలుసు ఉంటుంది. పెద్ద కంపెనీకి కోత వస్తే అది ముందుగా చేసేది బయటికిచ్చే పనిని లోపలికి లాక్కోవడం. తన మనుషుల్ని కాపాడుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. అందుకే పెద్ద గేటు ముందు ధర్నా కనబడటానికి చాలా నెలల ముందే చిన్న షెడ్లలో యంత్రాలు ఆగిపోతాయి. పత్రికల్లో వచ్చేది మాత్రం పెద్ద గేటు వార్తే.

దక్షిణ కాలిఫోర్నియా మళ్లీ లేచి నిలబడిందా అంటే, నిలబడింది. 1990ల చివరికి ఉద్యోగాల సంఖ్య కోలుకుంది. అయితే వచ్చినవి పోయినవాటి లాంటి ఉద్యోగాలు కావు. బర్బాంక్‌లో లాక్‌హీడ్ విమానాలు చేసిన స్థలంలో షాపింగ్ సెంటరు వెలిసింది. లాంగ్ బీచ్ షిప్‌యార్డు నేల కంటైనర్ టెర్మినల్‌లో కలిసిపోయింది. నార్టన్ స్థావరం చుట్టూ గోదాములు లేచాయి. ఇప్పుడు అక్కడి నుంచి అమెజాన్ సరుకు ఎగురుతోంది. టైటానియం రేకును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగలిగిన పనివాడు గోదాములో పెట్టెలు ఎత్తితే గణాంకాల పుస్తకంలో ఒక ఉద్యోగానికి ఒక ఉద్యోగం సరిపోయినట్టే. విమాన పరిశ్రమ వదిలిన కాలిఫోర్నియా కార్మికుల జాడ తీసిన రాండ్ పరిశోధన సంస్థ 1996లో చెప్పిందీ అదే ధోరణి: ఎక్కువమందికి వేరే పని దొరికింది, చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషుల జీతాలు బాగా పడిపోయాయి. నేర్పు మాత్రం కొంతవరకు ఆ నేలను అంటిపెట్టుకునే ఉంది. 2002లో స్పేస్‌ఎక్స్ పుట్టింది ఎల్ సెగుండోలో. తర్వాత అది మారిన హాథోర్న్ భవనం ఒకప్పుడు నార్త్రాప్ బోయింగ్ 747ల ఫ్యూజ్‌లాజ్‌లు చేసిన చోటు. అయితే ఆ రాకెట్లకు పెద్ద ఖాతాదారు మళ్లీ ప్రభుత్వమే. పదేళ్లు తిరిగి తిరిగి ఆ ప్రాంతం పాత కొనుగోలుదారు గుమ్మానికే చేరింది.

ఇదంతా చెప్పడం ఆయుధాల ఖర్చు తగ్గించకూడదని వాదించడానికి కాదు. ఉద్యోగాల కోసం బాంబర్లు కొనడమంత ఖరీదైన ఉపాధి పథకం ఇంకోటి ఉండదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు రాబర్ట్ పోలిన్, హైడీ గారెట్-పెల్టియర్ 2011లో వేసిన లెక్క ప్రకారం వంద కోట్ల డాలర్లు సైన్యం మీద పెడితే సుమారు 11,200 ఉద్యోగాలు, అదే డబ్బు విద్య మీద పెడితే 26,700 ఉద్యోగాలు వస్తాయి. ఈ లెక్కను శాంతివాదులు తరచూ చూపిస్తారు, సబబుగానే. అందులో లేనిది ఒకటుంది. విద్య మీద వచ్చే ఆ 26,700 ఉద్యోగాలు ఇంకెక్కడో, ఇంకెవరికో వస్తాయి. లేక్‌వుడ్‌లో యాభై ఏళ్ల రివెటర్‌కు టీచరు కొలువు రాదు. కోతను సమర్థించేవారు దేశం మొత్తాన్ని చూపించి మాట్లాడతారు. వ్యతిరేకించేవారు తమ నియోజకవర్గాన్ని చూపిస్తారు. ఇద్దరి లెక్కా నిజమే కాబట్టే ఈ చర్చ ఏ దేశంలోనూ తెగదు. కోత వల్ల దేశానికి మిగిలిన దానిలో కొంత ఆ దెబ్బ తిన్న ఊరికి ఎలా చేరాలన్న ప్రశ్న ఇద్దరూ వేయరు.

అమెరికా ఆ ప్రశ్నను కొంతలో కొంత వేసుకుంది. 1961లోనే, మెక్‌నమారా రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు, పెంటగాన్‌లో ఆర్థిక సర్దుబాటు కార్యాలయం ఒకటి పెట్టారు. స్థావరమో ఫ్యాక్టరీయో మూతపడబోయే ఊరికి ముందుగానే ప్రణాళిక వేసుకోవడానికి నిధులు, మనుషులు ఇవ్వడం దాని పని. పేరు మారినా ఇప్పటికీ నడుస్తోంది. 1993లో క్లింటన్ ప్రభుత్వం రక్షణ సంస్థల్ని పౌర సాంకేతికత వైపు మళ్లించే భారీ పథకం కూడా మొదలుపెట్టింది; కాంగ్రెస్‌లో మెజారిటీ మారాక అది ఎంతోకాలం బతకలేదు. 2013లో ఆటోమేటిక్ బడ్జెట్ కోతలు అమల్లోకి వచ్చినప్పుడు రక్షణ శాఖ పౌర ఉద్యోగుల్ని ఆరు రోజులపాటు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ కోతల దెబ్బకు 2014లో వర్జీనియా ఆర్థిక వృద్ధి దాదాపు నిలిచిపోయింది. వాషింగ్టన్‌కు ఆనుకుని ఉన్న ఆ ఉత్తర వర్జీనియా శివార్లలోనే యాష్‌బర్న్, హెర్న్‌డన్ లాంటి చోట్ల మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డారు. భద్రతా అనుమతులు కావలసిన కొలువులు పౌరసత్వం ఉన్నవారికే కాబట్టి వీసాల మీద ఉన్నవారికి ఆ కోత నేరుగా తగలదు. అయితే కొన్న ఇంటి విలువ, తెరిచిన రెస్టారెంటు గిరాకీ మాత్రం అదే ఆర్థిక వ్యవస్థలో భాగం.

మన దగ్గరికి వద్దాం. భారత రక్షణ బడ్జెట్ పేరుకు ఎన్నడూ తగ్గదు. 2025-26కు కేటాయించింది 6.81 లక్షల కోట్ల రూపాయలు. 1980ల చివర్లో జీడీపీలో మూడు శాతం పైన ఉన్న రక్షణ వ్యయం ఇప్పుడు రెండు శాతం అటూఇటూగా ఉన్నా, రూపాయల అంకె ఏటా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని కోత అని ఎవరూ అనరు. అయితే ఆ 6.81 లక్షల కోట్లలో పింఛన్లకే 1.6 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలకు ఉద్దేశించిన మూలధన పద్దు 1.8 లక్షల కోట్లు. జీతం ఆపలేరు, పింఛను ఆపలేరు. డబ్బు బిగుసుకుంటే ఆగేది ఆర్డరే. కొనుగోలు అవసరమని రక్షణ కొనుగోళ్ల మండలి ఆమోదం తెలుపుతుంది, వార్త వస్తుంది, కంపెనీ షేరు పెరుగుతుంది. ఒప్పందం మాత్రం మరుసటేడాదికో, ఆ పై ఏడాదికో వాయిదా పడుతుంది. మన దేశంలో రక్షణ కోత రద్దు రూపంలో రాదు, జాప్యం రూపంలో వస్తుంది. జాప్యానికి ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు, ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం 1984లో మొదలైంది. సైన్యం నడిపే బీఎంపీ-2 పోరాట వాహనాలు అక్కడే తయారవుతాయి. 2020లో 156 వాహనాలకు 1,094 కోట్ల ఆర్డరు వచ్చింది. 2021 అక్టోబరు 1న దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఇది చెన్నై కేంద్రంగా ఉన్న ఏవీఎన్ఎల్‌లో భాగమైంది. అప్పటిదాకా సైన్యానికి కావలసింది తయారుచేయడం ప్రభుత్వ శాఖ పని. కంపెనీ అయ్యాక ఆర్డరు తెచ్చుకోవడం దాని తలనొప్పి. 2024లో 693 వాహనాలకు ఆయుధ వ్యవస్థ ఆధునికీకరణ ఒప్పందం ఏవీఎన్ఎల్‌కు దక్కింది. మంచిదే. కానీ బీఎంపీ స్థానంలో రావలసిన కొత్త తరం పోరాట వాహనం పదిహేనేళ్లు దాటినా కాగితాలను వదిలి బయటికి రాలేదు. పాతదాన్ని మెరుగుపరచడం అయ్యాక ఏమిటన్న ప్రశ్నకు ఆ టౌన్‌షిప్‌లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు, ఎందుకంటే జవాబు ఢిల్లీలో ఉంది.

విశాఖలో హిందూస్తాన్ షిప్‌యార్డు ఈ అనుభవాన్ని ముందే చూసింది. 2010లో నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖ చేతికి వచ్చినప్పుడు యుద్ధనౌకల పని వరదలా వస్తుందని అంతా అనుకున్నారు. సైనికుల్ని, వాహనాల్ని తీరానికి చేర్చే భారీ నౌకల ప్రాజెక్టులో దాని పేరు చాలాకాలం వినబడి, ఆ ప్రాజెక్టే అప్పటికి అటకెక్కింది. ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలకు సుమారు 19,000 కోట్ల ఒప్పందం కుదిరింది 2023 ఆగస్టులో. పదమూడేళ్లు. ఈ మధ్యలో రిటైరైన వెల్డర్లు, ఫిట్టర్లు తమ పనితనం ఎవరికి నేర్పి వెళ్లారు? ఆర్డరు ఆగినప్పుడు పోయేది ఆ ఏడాది ఆదాయం ఒక్కటే అయితే తిరిగి సంపాదించుకోవచ్చు. పనితనం చేతులు మారకుండా పోతే, ఆర్డరు వచ్చిన రోజున ఓడ కట్టే మనుషులు ఉండరు.

హైదరాబాద్ స్థితి వీటికంటే మెరుగే, అందుకు చారిత్రక కారణాలున్నాయి. 1960లలో రక్షణ ప్రయోగశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాయి. 1970లో క్షిపణుల సంస్థ బీడీఎల్, 1973లో ప్రత్యేక లోహాల సంస్థ మిధాని. 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమం ఈ ప్రయోగశాలల పనిని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లదాకా మోసుకెళ్లింది. మైక్రాన్లలో కొలత తీయడం, ప్రతి ముక్కకు పరీక్ష కాగితం జతచేయడం ఆ వర్క్‌షాపులకు అలవాటైంది. ఆ అలవాటు రక్షణ శాఖ సొత్తు కాదు. అణు రియాక్టర్లు, అంతరిక్షం, రక్షణ పనులతో పెరిగిన బాలానగర్ సంస్థ ఎంటార్ ఆదాయంలో ఇప్పుడు పెద్ద వాటా అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీకి పంపే విద్యుత్ పరికరాలది. కాలిఫోర్నియాలో చాలామంది చేయలేకపోయింది ఇదే: చేతిలోని నేర్పును రెండో కొనుగోలుదారుకు చూపించగలగడం.

అయితే రెండో కొనుగోలుదారు కూడా ఇంకో దేశపు రక్షణ శాఖే అయితే? ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి 2018లో తెరిచిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు తయారవుతాయి. పక్కనే సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు. ఇవి గర్వించదగ్గవే. 2025లో అమెరికా సైన్యం డ్రోన్ల యుగానికి తగ్గట్టు మారతామంటూ పాత తరం అపాచీలను తప్పిస్తామని ప్రకటించింది. ఆదిభట్లలో చేసేది కొత్త రకం కాబట్టి ఇప్పటికిప్పుడు ముప్పేమీ లేదు. కానీ పైలట్ ఉన్న దాడి హెలికాప్టరు మీద మోజు తగ్గుతోందన్న సంకేతం వాషింగ్టన్ నుంచి వస్తే, దాని అర్థం వెతుక్కోవలసింది ఇబ్రహీంపట్నం రోడ్డు మీద కూడా.

ఏరోస్పేస్ పార్కులకు భూములిచ్చే విషయంలో, రాయితీలు ప్రకటించే విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలూ పోటీ పడుతున్నాయి. కంపెనీ వచ్చినప్పుడు ఎన్ని ఉద్యోగాలు వస్తాయో ఒప్పంద పత్రంలో రాసుకుంటారు. ఆర్డరు ఆగితే ఎన్ని షెడ్లు మూతపడతాయో రాసుకున్న కాగితం ఏదీ లేదు. రాష్ట్ర స్థూల ఉత్పత్తి లెక్కల్లో రక్షణ ఉత్పత్తికి వేరే పద్దే ఉండదు. క్షిపణి విడిభాగమూ బకెట్టూ రెండూ తయారీ రంగంలోనే కలిసిపోతాయి. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, బిల్లుల కోసం తిరగడం జాబ్‌వర్క్ చేసేవారికి పనిలో భాగమైపోయింది. 1961లో అమెరికా పెట్టుకున్నంత కార్యాలయం అక్కర్లేదు. ఏ రక్షణ ప్రాజెక్టు మీద ఎన్ని షెడ్లు, ఎంతమంది ఆధారపడ్డారో, ఆ ఒప్పందం ఏ ఏడాది ముగుస్తుందో పరిశ్రమల శాఖ దగ్గర ఒక పట్టిక ఉంటే చాలు. ముగిసే రెండేళ్ల ముందే ఆ షెడ్ల వాళ్లను రైల్వే, వైద్య పరికరాలు, విద్యుత్ యంత్రాల కొనుగోలుదారుల ముందు కూర్చోబెట్టవచ్చు. దీనికి బడ్జెట్ అడగనక్కర్లేదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు. ఎద్దుమైలారం ఆధునికీకరణ ఒప్పందంతోనే ఆ పట్టికలో మొదటి వరుస రాయవచ్చు.